చంకన బిడ్డ... నడుము మీద బండ

సాయంత్రం ఏడవుతుంది. ఆఫీసు నుంచి వచ్చి ఇంట్లో కాలు పెట్టారో లేదో రెండేళ్ల బుడతడు చేతులు చాచుకుంటూ పరుగెత్తుకొస్తాడు. మీ భుజాన బ్యాగు అలాగే ఉంటుంది. చెప్పులు కూడా విప్పి ఉండరు. ఉన్నచోటే నడుము వంచి, రెండు చేతులూ చాపి ఒక్క ఊపున పైకి లేపుతారు. వాడు కిలకిలా నవ్వుతాడు. మీరూ నవ్వుతారు. ఆ మరుక్షణమే నడుములో ఎక్కడో చురుక్కుమంటుంది. ‘కాస్త పట్టేసినట్టుంది’ అనుకుని, రాత్రి ఇంత బామ్ రాసుకుని పడుకుంటారు.

మీ విషయంలో ఇది పూటకోసారి జరిగే సంగతి. మరి పొద్దుటి నుంచీ వాణ్ని కనిపెట్టుకుని ఉన్న అమ్మమ్మో, నాయనమ్మో? మంచం మీద నుంచి దింపడం, బాత్రూముకు తీసుకెళ్లడం, ముఖం కడగడానికి సింకు దగ్గర ఎత్తి పట్టుకోవడం, అన్నం తినిపిస్తూ బాల్కనీలో కాకుల్ని చూపించడం, సోఫా ఎక్కించడం, నిద్రపోయాక మంచం మీదికి చేర్చడం... ఒక్క సెలవురోజు పక్కన కూర్చుని లెక్కపెట్టి చూడండి. పట్టుమని పది అనుకున్నది ముప్పై నలభైకి చేరితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల ప్రమాణాల ప్రకారం ఏడాది బిడ్డ సుమారు 9 కిలోలు, రెండేళ్ల బిడ్డ 12 కిలోలు, మూడేళ్ల బిడ్డ 14 కిలోలు ఉంటారు. బొద్దుగా ఉన్న పిల్లలైతే ఇంకాస్త ఎక్కువే. మన వంటింట్లో ఖాళీ గ్యాస్ బండ బరువు దాదాపు 15 కిలోలు. అరవై దాటిన అమ్మను ఖాళీ బండ పక్కకు జరపనివ్వం. ‘నువ్వుండమ్మా, నేను తీస్తా’ అంటూ పరుగెత్తుతాం. అదే అమ్మ దాదాపు అంతే బరువున్న మనవణ్ని రోజంతా ఎత్తి దించుతుంటే మాత్రం మనకు బరువే కనిపించదు. అది ప్రేమ కాబట్టి, పని కాదనుకుంటాం. అసలు చిక్కు ఇక్కడే ఉంది. పని అనుకుంటే పంచుకుంటాం. సరిగ్గా ఎలా చేయాలో నేర్చుకుంటాం. ప్రేమ అనుకున్నదాన్ని ఒకరి నడుము మీదే వదిలేస్తాం.

చాచిన చేతుల్లో బరువు ఎందుకు పెరుగుతుంది?

నడుము ఒక తూనికకర్ర లాంటిది. వెన్నెముక మధ్యలోని ఆధారం. ముందువైపు బిడ్డ, వెనకవైపు బిడ్డను ఆపే వెన్ను కండరాలు. ఈ కండరాలు వెన్నెముకకు దాదాపు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి. అదే మీరు చేతులు చాపి పట్టుకున్న బిడ్డ 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అంటే 12 కిలోల బిడ్డను ఆపడానికి కండరాలు దానికి ఎనిమిది రెట్లు, సుమారు 96 కిలోల బలంతో లాగాలి. వంగినప్పుడు మీ ఒంటి పైభాగం బరువు దీనికి అదనం. అదే బిడ్డను 20 సెంటీమీటర్ల దూరానికి, అంటే మీ పొట్టకు ఆనేలా దగ్గరకు తీసుకుంటే ఆ బలం సగానికి పడిపోతుంది. బిడ్డ బరువు మారలేదు. దూరం మారిందంతే.

దీనికి మెలి తిరగడం కూడా తోడైతే నడుముకు మరీ కష్టం. మంచం మీది బిడ్డను ఎత్తుతూ పాదాలు కదపకుండానే నడుము తిప్పడం, కారు వెనక సీట్లోకి వంగి పక్కకు జరపడం ఇలాంటివే. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కుకు వంపు, మెలిక, బరువు... మూడూ ఒక్కసారే రావడం మంచిది కాదు.

ఎత్తే పద్ధతి ఇదీ

ఎత్తేముందు చేతిలోని బ్యాగు, ఫోను కింద పెట్టండి. బిడ్డ దగ్గరకు వెళ్లండి, లేదా బిడ్డనే దగ్గరకు పిలవండి. ఒక కాలు ముందుకు వేసి, రెండో మోకాలు నేలకు ఆనించండి. బిడ్డను ముందుగా మీ తొడ మీదికి తీసుకోండి. ఒక చెయ్యి పిరుదుల కింద, ఇంకో చెయ్యి వీపు వెనక ఉంచి గుండెకు హత్తుకోండి. అప్పుడు ఊపిరి వదులుతూ, ముందు కాలి పాదాన్ని నేలకు గట్టిగా నొక్కి పైకి లేవండి. ఎత్తాల్సింది తొడలు, నడుము కాదు. దించేటప్పుడూ ఇదే పద్ధతి. చాలామంది ఎత్తేటప్పుడు జాగ్రత్తగానే ఉంటారు. దించేటప్పుడు మాత్రం నడుము వంచి వదిలేస్తారు.

ఎత్తుకున్నాక ఎప్పుడూ ఒకే చంకన వేసుకోకండి. తుంటి పక్కకు తోసి నిలబడటం మనకు అలవాటు. ఒక చేత్తో బిడ్డ, రెండో చేత్తో గరిటె! గంటలకొద్దీ అలా నిలబడితే వెన్ను ఒక పక్కకు ఒరుగుతుంది. పక్కలు మారుస్తుండండి. వీలైతే ముందువైపు, రెండు చేతులతో పట్టుకోండి. పైగా పొయ్యి దగ్గర చంకన బిడ్డ ఉండటం నడుముకే కాదు, బిడ్డకూ ప్రమాదమే. తిరగాలనుకుంటే నడుము కాకుండా పాదాలు తిప్పండి. మెట్ల మీద ఒక చెయ్యి రెయిలింగ్ మీద ఉండి తీరాలి. బిడ్డతోపాటు కూరగాయల సంచి కూడా ఉంటే రెండుసార్లు తిరగండి. నష్టమేమీ లేదు.

మారాం చేస్తూ విల్లులా వెనక్కి విరుచుకునే బిడ్డను నిలబడి ఎత్తే ప్రయత్నం చేయకండి. పక్కన కూర్చోండి. ఏడుపు కాస్త తగ్గాక ఒళ్లోకి తీసుకోండి. రోడ్డు మీదో, నీళ్ల పక్కనో ఉంటే తప్ప వెంటనే ఎత్తాల్సిన అవసరం ఉండదు.

నడుమును కాదు, ఇంటిని మార్చండి

నడవగలిగిన బిడ్డను ఎన్నిసార్లు ఎత్తుతున్నామో, అందులో ఎన్ని అవసరమో ఆలోచించండి. సింకు దగ్గర జారని, కదలని స్టూలు ఒకటి వేస్తే ముఖం కడగడానికి ఎత్తక్కర్లేదు. మీరు పక్కనే నిలబడితే చాలు. రెండేళ్లు దాటిన పిల్లలు సోఫా, తక్కువ ఎత్తు మంచం తామే ఎక్కగలరు. బోర్లా పడుకుని కాళ్లు ముందుగా కిందికి జార్చి దిగడం నేర్పితే దించే పని కూడా తప్పుతుంది. స్నానం చేయించేటప్పుడు మీరు వంగి నిలబడొద్దు. చిన్న స్టూలు మీద కూర్చోండి, బిడ్డను పీట మీద కూర్చోబెట్టండి. తడి ఒంటితో జారిపోయే బిడ్డను అలాగే ఎత్తకండి. తువ్వాలు చుట్టి, తుడిచి, ఆ తర్వాత నడిపించండి. కారులో ఎక్కించేటప్పుడు బయటి నుంచే వంగకండి. ఒక మోకాలు సీటు మీద ఆనిస్తే బిడ్డ మీకు దగ్గరవుతుంది.

ఇవేవీ డబ్బుతో కూడిన పనులు కావు. ఒక స్టూలు, ఒక పీట, కాస్త ఓపిక. వాడు తానుగా ఎక్కడానికి రెండు నిమిషాలు పడుతుంది. మనం ఎత్తేస్తే రెండు సెకన్లే. మన తొందరకు మూల్యం ఎవరి నడుము చెల్లిస్తుందన్నదే ప్రశ్న.

ఈ ముగ్గురి విషయంలో మరింత జాగ్రత్త

మొదటివారు బాలింతలు. సిజేరియన్ అయితే సాధారణంగా తొలి ఆరు వారాలు పుట్టిన బిడ్డను మించిన బరువు ఎత్తొద్దంటారు డాక్టర్లు. సహజ కాన్పు అయినా పొట్ట కండరాలు, కటి కండరాలు బిగువు కోలుకోవడానికి సమయం పడుతుంది. మరి ఇంట్లో రెండేళ్ల పెద్దబిడ్డ ఉంటే? ‘అమ్మ ఎత్తుకోవట్లేదు’ అని వాడు చిన్నబుచ్చుకుంటాడు. ఆ ముఖం చూడలేక ఎత్తేసుకునే తల్లులే ఎక్కువ. ఎత్తనక్కర్లేదు. మంచం మీద కూర్చుని పక్కకు పిలవండి. వాడే ఎక్కి వచ్చి ఒరిగి కూర్చుంటాడు. వాడికి కావాల్సింది ఎత్తు కాదు, అమ్మ ఒడి.

బొటనవేళ్లు చాపి, చంకల కింద చేతులు పెట్టి మాటిమాటికీ బిడ్డను లేపే తల్లులకు మణికట్టు దగ్గర, బొటనవేలి మొదట్లో నొప్పి, వాపు రావడం కూడా మామూలే. అరచేతులతో పిరుదుల కింద పట్టి ఎత్తితే ఆ స్నాయువుల మీద ఒత్తిడి తగ్గుతుంది. నొప్పి తగ్గకపోతే ఎముకల డాక్టరుకు చూపించుకోవాలి.

రెండోవారు అమ్మమ్మలు, నాయనమ్మలు, తాతయ్యలు. నెలసరి ఆగిపోయిన తర్వాత ఆడవాళ్లలో ఎముకలు త్వరగా గుల్లబారుతాయి. అలాంటి వెన్నుపూస బరువు ఎత్తినప్పుడు నలిగి విరగొచ్చు. కింద పడనక్కర్లేదు, దెబ్బ తగలనక్కర్లేదు. అందుకే పెద్దవాళ్లకు బిడ్డను ఎత్తాక హఠాత్తుగా నడుమునొప్పి మొదలైతే ‘వాయువు’ అని సరిపెట్టొద్దు, మాలిష్ చేయించొద్దు. డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. వీళ్లు బిడ్డను ఎత్తుకుని నడవడం కంటే కుర్చీలో కూర్చుని ఒళ్లోకి ఎక్కించుకోవడం మేలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను నేల మీద నుంచి బిడ్డను ఎత్తమనడం అసలే తగదు. ‘నాకేం కాదులే’ అని వాళ్లు అంటారు. ఆ మాటను నమ్మి ఊరుకోవడం మనకు వీలుగా ఉంటుంది. అంతే తప్ప అది నిజమని కాదు.

మూడోవారు సెరిబ్రల్ పాల్సీ లాంటి సమస్యలున్న పిల్లల తల్లులు. మిగతా ఇళ్లలో ఎత్తుకోవడం మూడు నాలుగేళ్లలో ముగుస్తుంది. ఈ ఇళ్లలో బిడ్డ బరువు పెరుగుతూనే ఉంటుంది, ఎత్తే పనీ కొనసాగుతుంది. కండరాలు బిగుసుకున్న బిడ్డను ఎత్తే పద్ధతి వేరు. దాన్ని ఫిజియోథెరపిస్టు దగ్గర చేసి చూసి నేర్చుకోవాలి. జిల్లా స్థాయిలోని సత్వర చికిత్స కేంద్రాల్లో, మండలాల్లోని భవిత కేంద్రాల్లో దీని గురించి అడగండి. బిడ్డ బరువు పెరిగేకొద్దీ ఇద్దరు కలిసి ఎత్తడం, చక్రాల కుర్చీ వాడటం తప్పనిసరి. అది తల్లి ఓడిపోవడం కాదు. ఆమె నడుము పడిపోతే ఆ బిడ్డకు దిక్కెవరు?

మీ ఇంట్లో బిడ్డను చూసుకునే ఆయా ఉంటే ఆమెకూ నడుము ఉంటుందన్న సంగతి మరవకండి. స్టూలు, పీట ఆమె కోసం కూడా.

బిడ్డ మోచేయి జాగ్రత్త

ఒక్క చెయ్యి పట్టుకుని బిడ్డను పైకి లాగడం, రెండు చేతులూ పట్టి గిరగిరా తిప్పడం మనకు ఆట. ఐదేళ్లలోపు పిల్లల్లో మోచేతి దగ్గరి ఎముక దాన్ని పట్టి ఉంచే లిగమెంట్ నుంచి తేలిగ్గా జారుతుంది. రోడ్డు దాటుతూ ‘రా!’ అని ఒక్కసారి గుంజినా చాలు. బిడ్డ ఏడ్చి, ఆ చెయ్యి వాడకుండా పక్కకు వేలాడేసుకుంటే మీరు లాగడం, తోమడం చేయొద్దు. డాక్టరు దగ్గర చాలావరకు నిమిషాల్లో సరిపోతుంది. ఎత్తాలంటే ఎప్పుడూ మొండెం పట్టుకునే ఎత్తండి, చేతులు పట్టుకుని కాదు.

నొప్పి వచ్చిందా?

మామూలుగా పట్టేసిన నడుము చాలామందిలో కొద్ది వారాల్లో తగ్గిపోతుంది. రోజుల తరబడి మంచం పట్టడం కంటే నొప్పి ఓర్చుకోగలిగినంతలో నెమ్మదిగా తిరుగుతుండటమే మంచిది. ఆ కొద్ది రోజులూ ఎత్తే పని మరొకరికి అప్పగించండి. బెల్టు కట్టుకున్నాం కదా అని మళ్లీ బరువులు ఎత్తొద్దు. కానీ కాలిలో బలం తగ్గినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం, మలం మీద అదుపు తప్పినా అదే రోజు, అదే గంట ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పితోపాటు జ్వరం ఉన్నా, రాత్రి పడుకున్నా నొప్పి వదలకపోయినా ఆలస్యం చేయొద్దు.

ఇక నాన్నలకు ఒక మాట. రాత్రి నిద్రపోయిన బిడ్డను మంచం మీదికి చేర్చడం, స్నానం చేయించడం, కారెక్కించడం... ఇంట్లో ఉన్నప్పుడు ఈ మూడూ మీ పనులే అనుకోండి. సాయం చేస్తున్నామని అనుకోవద్దు. పగలంతా మోసినవాళ్ల తర్వాత మీ వంతు వచ్చిందంతే.

రేపు సాయంత్రం ఇంటికొచ్చినప్పుడు బ్యాగు కింద పెట్టండి. చెప్పులు విప్పండి. గుమ్మంలోనే ఒక మోకాలు నేలకు ఆనించి చేతులు చాపండి. వాడు పరుగెత్తుకొచ్చి మీ మీదే పడతాడు. అప్పుడు హత్తుకుని లేవండి. వాణ్ని దించాక, వంటింట్లోనో సోఫాలోనో ఉన్న అమ్మ దగ్గరకు వెళ్లి ఒక్క మాట అడగండి. ‘నడుము ఎలా ఉందమ్మా?’ ‘బాగానే ఉంది’ అంటే, మళ్లీ ఒకసారి అడగండి.