మినీ ట్రాక్టర్‌కు ట్రైలర్ చేయించే ముందు బరువు చీటీ చూడండి



కొన్నాళ్లుగా మన గుంపులో ఒకటే చర్చ. బేరికె, బాగలూరు వైపు రైతులు నలుగురైదుగురు కలిసి ఒక మినీ ట్రాక్టర్ కొని పంచుకుని వాడుకుందామంటున్నారు. మంచి ఆలోచనే. ట్రాక్టర్ ఏ కంపెనీది కొనాలన్న దాని మీద రెండు వందల మెసేజీలు వచ్చాయి. దాన్ని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎట్లా తీసుకుపోవాలన్న దాని మీద మాత్రం మూడే మాటలు వచ్చాయి. "షెడ్డులో ఒక ట్రైలర్ చేయిద్దాం" అన్నది ఒకటి. "ఛోటా హాతీని బాడుగకు పిలిస్తే పోతుంది" అన్నది ఇంకొకటి. "దానికే చక్రాలున్నాయి కదన్నా, తోలుకుని పోతే సరి" అన్నది మూడోది. ఈ మూడింటి గురించి మేము అనుకునేది ఇక్కడ రాస్తున్నాం. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మా మాట ముందే చెప్పేస్తాం. మనలో ఎక్కువ మందికి సొంత ట్రైలర్ అక్కరలేదు. నిజంగా కావాల్సినవాళ్లు బ్రేకు లేని ట్రైలర్ కొనకూడదు, అది సగం ధరకు వచ్చినా సరే.

మన దగ్గర మినీ ట్రాక్టర్‌కు ఎందుకింత గిరాకీ అన్నది అందరికీ తెలిసిందే. హోసూరు చుట్టుపక్కల రోజా తోటలు, పాలీహౌసుల్లో క్యాప్సికం, శూలగిరి, రాయకోట వైపు టమాట, కృష్ణగిరి దిక్కు మామిడి. పెద్ద ట్రాక్టర్ రోజా వరుసల మధ్య దూరదు, పాలీహౌసు వాకిట్లో తిరగదు. పైగా మన భూములు ఒక్కచోట ఉండవు. అన్నదమ్ములు పంచుకోగా ఒక ఎకరం ఊరి పక్కన, అర ఎకరం చెరువు కింద, మిగిలింది భార్య పుట్టింటి ఊర్లో. అందుకే ఈ బండి దున్నే గంటలు ఎన్నో, ఊరు మారే గంటలు కూడా దాదాపు అన్నే. కొనేటప్పుడు దున్నే సంగతే చూస్తాం, మోసే సంగతి ఎవరూ అడగరు.

మొదట బరువు. 15 నుంచి 25 హెచ్‌పి దాకా ఉండే మినీ ట్రాక్టర్లు, కంపెనీని బట్టి, రకాన్ని బట్టి, 600 కిలోల పైనుంచి వెయ్యి కిలోల దగ్గరదాకా తూగుతాయి. అది ఒట్టి బండి బరువు. దానికి చిన్న రోటవేటర్ తగిలిస్తే ఇంకో రెండు వందల కిలోల చుట్టూ చేరుతుంది. టైర్లలో నీళ్లు నింపించి ఉంటే, ముందర ఇనుప బరువులు వేయించి ఉంటే అదీ కలపాలి. డీజిలు, కేజ్ వీల్స్, పనిముట్ల పెట్టె, పక్కన కూర్చునే మనిషి. అన్నీ కలిపితే టన్ను దాటడం వింత కాదు.

ఇప్పుడు ఛోటా హాతీ సంగతి చూద్దాం. 2005లో వచ్చిన టాటా ఏస్ మన చిన్న వ్యాపారులను ఎంతగా నిలబెట్టిందో చెప్పక్కరలేదు. కానీ దాని మామూలు రకాలు మోయాల్సింది ముప్పావు టన్ను, కొంచెం అటూ ఇటూ. తొట్టి పొడవు ఏడడుగులు. రోటవేటర్‌తో కలిపి మినీ ట్రాక్టర్ అందులోకి ఎక్కిస్తే వెనక తలుపు తెరిచి, రోటవేటర్‌ను బయటికి వేలాడదీసుకుని పోవాలి. అట్లా పోయే బండ్లను తళి రోడ్డులో మనం చూస్తూనే ఉన్నాం. ముందు చక్రాలకు నేల మీద పట్టు తగ్గిపోతుంది, స్టీరింగు తేలిపోతుంది. "ఇన్నాళ్లూ ఏమీ కాలేదు కదా" అంటారు. వాళ్లకు మేము చెప్పేది ఒకటే, మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తరువాత ఓవర్‌లోడుకు జరిమానా 20,000 రూపాయలు, దాని పైన అదనపు టన్నుకు 2,000. ప్రాణం సంగతి ఎట్లున్నా ఆ లెక్క అయినా భయపెట్టాలి.

బాడుగకు పిలిచేటట్లయితే ఇంకొంచెం పెద్ద పికప్ పిలవండి. అశోక్ లేలాండ్ దోస్త్ 2011లో వచ్చినప్పుడు దాని మోత ఒకటింపావు టన్ను. మన హోసూరు ఫ్యాక్టరీలో తయారైన బండి అది. మన పిల్లలు బోల్టు బిగించిన బండి మన ట్రాక్టర్‌ను మోస్తే మాకూ ఒక సంబరం, అది వేరే మాట. బొలేరో పికప్‌లలోనూ ఈ బరువు మోసే రకాలున్నాయి. నెలకు రెండు మూడు సార్లు మాత్రమే ఊరు మారే బండికి ఇదే చాలు. మీ ఊరి బాడుగ ఎంతో మీకు తెలుసు. ఏడాదికి ఎన్ని సార్లు మారుస్తారో దానితో హెచ్చవేసి, ట్రైలర్ ధర పక్కన రాసి చూడండి. ట్రైలర్‌కు టైర్లు, ఇన్సూరెన్సు, ఎండా వానా తగలకుండా పెట్టే చోటు కూడా కలపడం మరవకండి.

పికప్‌తో ఒక్క చిక్కుంది, అది ఎత్తు. తొట్టి నేల నుంచి రెండున్నర అడుగుల చుట్టూ ఉంటుంది. ఎక్కించే పలకలు ఎత్తుకు కనీసం నాలుగింతలైనా ఉండాలని మా లెక్క. అంటే పదడుగుల పలకలు. మన వాళ్లు నాలుగడుగుల చెక్క వేసి, ఫస్ట్ గేరులో గబాలున ఎక్కిస్తారు. వెనక చక్రం గట్టిగా పట్టుకుని ముందు చక్రాలు గాల్లోకి లేచిందంటే, దిగి దూకే సమయం కూడా ఉండదు. ట్రాక్టర్ వెనక్కి తిరగబడి తోలేవాడి మీదే పడుతుంది. అందుకే ఏటవాలు ఎక్కువగా ఉంటే రోటవేటర్ విప్పేసి, రివర్సు గేరులో వెనక భాగం పైకి వచ్చేలా ఎక్కించాలి. దించేటప్పుడు ముందుకు దించాలి. బరువైన వైపు ఎప్పుడూ పై మెట్టులో ఉంటుంది, తిరగబడే భయం తగ్గుతుంది. కొందరు పలకలే వద్దని చెరువు కట్టకో, మట్టి తిట్టెకో బండిని ఆనించి ఎక్కిస్తారు. గట్టి నేల అయితే అంతకన్నా మేలైన పద్ధతి లేదు. వాన పడ్డ మరునాడు మాత్రం ఆ పని పెట్టుకోకండి, అంచు మన్ను జారిపోతుంది.

ట్రైలర్‌కున్న అసలు మేలు ఈ ఎత్తులోనే. ఒకటిన్నర అడుగు ఎత్తున్న లో-బెడ్ ట్రైలర్‌కు ఆరడుగుల పలక చాలు. రోజూ ఊరు మారుతూ బాడుగ సేద్యం చేసేవాళ్లకు, ఇంట్లో 45 హెచ్‌పి పెద్ద ట్రాక్టర్ ఉన్నవాళ్లకు ట్రైలర్ కొనడం తప్పు కాదు. వాళ్ల కోసమే ఇక మీదటి మాటలు.

షెడ్డులో మొదట చెప్పే మాట "రెండు టన్నులు మోస్తుందన్నా" అని. మోస్తుంది, అనుమానం లేదు. ఇనుము గట్టిదే. మనం అడగాల్సింది ఆ రెండు టన్నులను ఎవరు ఆపుతారని. ట్రైలర్ సొంత బరువు ఆరేడు వందల కిలోలు అనుకుంటే, మినీ ట్రాక్టర్‌తో కలిపి దాదాపు పద్దెనిమిది వందల కిలోలు. లాగే పెద్ద ట్రాక్టర్ బరువు కూడా దాదాపు అంతే. ట్రాక్టర్ బ్రేకు పని చేసేది దాని వెనక చక్రాల మీదే. వెనకొచ్చే బరువు బ్రేకు లేకుండా వస్తే, అది ఆగదు, తోస్తుంది. ఒక మలుపులో తోసిందంటే ట్రాక్టర్‌నే అడ్డం తిప్పేస్తుంది.

మన నేల సంగతి కూడా చూడాలి. హోసూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది, కృష్ణగిరి సుమారు 500 మీటర్లలో. యాభై కిలోమీటర్లలో నాలుగు వందల మీటర్లు దిగుతాం. శూలగిరి దాటి మేలుమలై దగ్గర దిగేటప్పుడు లారీ డ్రైవర్లే గేరు తగ్గించుకుని జాగ్రత్త పడతారు. అంచెట్టి ఘాటు సంగతి డెంకణికోట వాళ్లను అడగండి. తంజావూరు మాదిరి చదును నేలలో బ్రేకు లేని ట్రైలర్‌తో ఒకడు ముప్పై ఏళ్లు బతికి ఉండొచ్చు. ఆ అనుభవం మనకు పనికిరాదు.

బ్రేకులు రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి ఓవర్‌రన్ బ్రేకు. ట్రైలర్ ముందుకు తోసినప్పుడు దాని నొగ లోపలికి నొక్కుకుని, ఆ నొక్కుడుతోనే ట్రైలర్ చక్రాలకు బ్రేకు పడుతుంది. రెండోది ట్రాక్టర్ బ్రేకు పెడల్‌తో కలిపి నడిచే హైడ్రాలిక్ బ్రేకు. లాగే ట్రాక్టర్‌కు ఆ ఏర్పాటు ఉంటే రెండోదే మేలు. లేకపోతే మొదటిదైనా ఉండి తీరాలి. "బ్రేకు ఎందుకన్నా, ఇంతవరకు ఎవరూ అడగలేదు" అని ఒక షెడ్డులో మాకు చెప్పారు. ఎవరూ అడగలేదు కాబట్టే అడగమంటున్నాం.

బరువు ఎక్కడ పెట్టాలన్న దానికి పుస్తకాలు అక్కరలేదు, మన తాతలు ఎద్దుల బండి కట్టినప్పుడే తెలిసిన విద్య అది. మూటలన్నీ వెనక్కి వేస్తే బండి వెనక్కి మొగ్గుతుంది, కాడి పైకి లేచి ఎద్దుల గొంతుకు తాళ్లు బిగుసుకుంటాయి. అన్నీ ముందుకు వేస్తే ఎద్దుల మెడ విరిగినంత పనవుతుంది. ఇరుసుకు కొంచెం ముందుకు మొగ్గేలా వేస్తారు. రెండు చక్రాల ట్రైలర్‌కూ అదే లెక్క. మొత్తం బరువులో సుమారు పదో వంతు నొగ మీద, అంటే ట్రాక్టర్ కొక్కెం మీద ఆనాలి. వెనక్కి మొగ్గితే కొంచెం వేగం రాగానే ట్రైలర్ తోక ఊపడం మొదలెడుతుంది. మినీ ట్రాక్టర్‌ను రివర్సులో ఎక్కించారంటే దాని బరువైన వెనక భాగం నొగ వైపుకు వస్తుంది, మామూలుగా ఎక్కిస్తే అటు తిరుగుతుంది. కాబట్టి ఏ వైపు ఎక్కించినప్పుడు ఎక్కడ నిలపాలో ఒకసారి చూసుకుని, తొట్టి మీద పెయింటుతో గీత గీసుకోండి. కడచీల లేకుండా తాత బండి కదిలించేవాడు కాదు. ఈ కాలంలో కొక్కెం పిన్నుకు అడ్డంగా పెట్టే చిన్న క్లిప్పు కూడా అటువంటిదే. దాని బదులు కట్టెపుల్లో, మేకో దూర్చిన ట్రైలర్లను చూసినప్పుడల్లా మాకు తాతలే గుర్తొస్తారు.

కట్టడం సంగతి క్లుప్తంగా చెబుతాం. నాలుగు మూలలా నాలుగు గొలుసులు గానీ రాచెట్ బెల్టులు గానీ వాడాలి. కొబ్బరి తాడూ, నైలాను తాడూ బానెట్ మీదుగా వేసి కట్టడం కట్టడమే కాదు. రోటవేటర్‌ను తొట్టి నేల మీదకు దించి పెట్టాలి, గాల్లో వేలాడనివ్వకూడదు. గేరులో వేసి, హ్యాండు బ్రేకు లాగి, చక్రాలకు అడ్డాలు పెట్టాలి. ఐదు కిలోమీటర్లు పోయాక ఆపి మళ్లీ బిగించాలి.

ఇక ఎక్కువ మంది నవ్వి తీసేసే విషయం, వెనక లైట్లు. రాత్రి పది దాటాక సిప్‌కాట్ నుంచి షిఫ్టు ముగించుకుని బైకుల మీద ఊళ్లకు పోయే పిల్లలు మన పిల్లలే. లైటు లేని ట్రైలర్ రోడ్డు పక్కన ఆగి ఉంటే, ఎదురొచ్చే లారీ వెలుగులో అది వాళ్లకు కనపడదు. ట్రైలర్ కొన్నవాడు క్షేమంగా సీటు మీదే ఉంటాడు, దెబ్బ తగిలేది దాని ధరలో పైసా పెట్టనివాడికి. ఎర్ర లైట్లు, రిఫ్లెక్టర్ టేపు, ఆపినప్పుడు పెట్టే ఎర్ర త్రికోణం, ఈ మూడూ కలిపినా ఒక టైరు ధర కాదు. ట్రైలర్‌కు దుడ్లు సరిపోక లైట్లు మానేస్తానని ఎవరైనా అంటే, ట్రైలరే మానేయమని మేము అంటాం.

మూడో దారి, తోలుకుని పోవడం. ఊరి లోపలి రోడ్లలో నాలుగైదు కిలోమీటర్లకు ఇదే అన్నిటికన్నా సులువు, చవక. ఒక్కటి గుర్తుంచుకోండి. పొలంలో తిప్పుకోవడానికి ఎడమ, కుడి బ్రేకు పెడళ్లను విడిగా వాడుతాం. రోడ్డెక్కే ముందు ఆ రెండింటినీ కలిపి లాకు వేయాలి. లేకపోతే వేగంలో ఒక్క వైపే బ్రేకు పడి బండి తిరగబడుతుంది. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు రహదారి మీద మాత్రం, గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంతో పోయే బండిని ఎక్కించడానికి మేము ఒప్పుకోము. సర్వీసు రోడ్డు లేనిచోట పికప్ పిలవండి.

కాగితాల గురించి ఒక మాట. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ కూడా వాహనమే. దానికి వేరే రిజిస్ట్రేషన్ ఉండాలి. ట్రాక్టర్ ఇన్సూరెన్సులో ట్రైలర్‌ను చేర్పించారో లేదో పాలసీ తీసి చూడండి, చాలా వాటిలో ఉండదు. లైసెన్సు గురించి భయపడేవాళ్లకు ఒక మంచి మాట. ట్రాక్టర్ తోలే లైసెన్సు ఉన్నవాడు వెనక ట్రైలర్ తగిలించినంత మాత్రాన ఆ లైసెన్సు చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. షెడ్డువాడు కాగితాలు ఇవ్వలేనంటే, ఆ ట్రైలర్ ఎంత అందంగా ఉన్నా వదిలేసి రండి. ఇన్సూరెన్సు లేని ట్రైలర్ ఎవరినైనా గుద్దితే నష్టపరిహారం కట్టడానికి ఆ అర ఎకరమే అమ్మాల్సి వస్తుంది.

"ఇన్ని షరతులు పెడితే చిన్న రైతు ఏం కొంటాడు?" అని మన గుంపులోనే ఒక అన్న అడిగాడు. న్యాయమైన ప్రశ్న. అందుకే ఒక్కొక్కరు కొనవద్దంటున్నాం. నాలుగు ఊళ్లకు కలిపి ఒక మంచి ట్రైలర్, బ్రేకులతో, లైట్లతో, కాగితాలతో ఉంటే చాలు. ఎనిమిది మంది ఎనిమిది చవక ట్రైలర్లు కొని వానలో తుప్పు పట్టించుకోవడం కన్నా అది నయం. ఎవరి వంతు ఎప్పుడన్నది సంఘం నోటుబుక్కులో రాసుకోవచ్చు. టమాట కోతల్లో గొడవ వస్తుందని మాకూ తెలుసు, ఆ గొడవ కూర్చుని తీర్చుకోగలిగేదే.

వచ్చే కూటానికి వచ్చేవాళ్లు దయచేసి మూడు వివరాలు రాసుకుని రండి. మీ ట్రాక్టర్‌ను రోటవేటర్‌తో కలిపి ఒకసారి వేబ్రిడ్జి మీద తూకం వేయించిన చీటీ ఒకటి. మన జిల్లాలో గ్రానైటు క్వారీలు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు ఉన్నాయి కాబట్టి వేబ్రిడ్జికి కరువు లేదు. పోయిన ఏడాది ఎన్నిసార్లు బండిని ఊరు మార్చారో ఆ లెక్క రెండోది. మీ దారిలో అన్నిటికన్నా నిటారైన దిగుడు ఎక్కడుందో మూడోది. ఆ మూడూ చూశాకే ఏ షెడ్డుకు పోవాలో, అసలు పోవాలో వద్దో మాట్లాడుకుందాం.