ఇంటింటా రంపం, రక్షణ ఎక్కడ?

హైదరాబాద్‌లో ఆబిడ్స్‌ను ఆనుకొని ఉన్న ట్రూప్ బజార్ హార్డ్‌వేర్ దుకాణాల్లో విద్యుత్ రంపం ఒకప్పుడు వడ్రంగులు మాత్రమే అడిగే సరుకు. ఇంటి పనులు సొంతంగా చేసుకోవాలన్న ఉత్సాహం, ఆన్‌లైన్ అమ్మకాలు తోడై మైటర్ సా అనే విద్యుత్ రంపం నేడు మధ్యతరగతి ఇళ్ళకూ చేరుతోంది. స్వయంకృషి అభినందనీయమే. కానీ కొనేవారి విచారణ ధర దగ్గర, వాట్ల దగ్గర ఆగిపోవడం, అమ్మేవారు అంతకు మించి చెప్పకపోవడం ఆందోళనకరం.

చట్రాలను, బీడింగులను 45 డిగ్రీల కోణంలో కచ్చితంగా కోసే ఈ యంత్రంలో 10 అంగుళాల బ్లేడు నిమిషానికి సుమారు 5,000 సార్లు తిరుగుతుంది. స్విచ్ వదిలాక కూడా వెంటనే ఆగదు. కనుక ఎంపికలో మొదట చూడవలసింది మోటారు బలం కాదు. రంపం పైకి లేవగానే బ్లేడును కప్పేసే గార్డు, బ్లేడును త్వరగా నిలిపే బ్రేకు, చెక్కను కదలనివ్వని క్లాంపు ఉన్నాయో లేదో చూడాలి. 1,800 వాట్ల యంత్రం దాదాపు 8 ఆంపియర్ల విద్యుత్తు తీసుకుంటుంది. దానికి ఎర్తింగు ఉన్న 16 ఆంపియర్ల సాకెట్టు తప్పనిసరి. పాత భవనాల్లోనేమో వైరు కొనలను 6 ఆంపియర్ల సాకెట్టులో దూర్చి, అగ్గిపుల్లలతో బిగించే అలవాటు ఇంకా పోలేదు.

వృత్తిదారుల పరిస్థితి మరింత విషమం. ఖర్చు తగ్గుతుందని ఇనుము కోసే 4 అంగుళాల గ్రైండరుకే చెక్క కోసే పళ్ళ బ్లేడు తగిలిస్తున్నారు. అది నిమిషానికి 10,000 సార్లకు పైగా తిరుగుతుంది. చెక్కలో ముడి తగిలితే మిషను ఒక్కసారిగా ఎగిరి పట్టుకున్నవాడి మీదికే వస్తుంది. చూపుకు అడ్డమంటూ గార్డును ఊడదీయడమూ మామూలైంది. చెక్క పొట్టు ధూళి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ పరిశోధన ఏనాడో తేల్చినా, మాస్కు పెట్టుకునేవారు అరుదు.

ఈ నిర్లక్ష్యానికి మూలం చట్టంలోని ఖాళీలో ఉంది. విద్యుత్తు వాడే చోట 10 మంది పనిచేస్తేనే ఫ్యాక్టరీ అని 1948 ఫ్యాక్టరీల చట్టం నిర్వచించింది. 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ ఆ సంఖ్యను 20కి పెంచింది. ముగ్గురు నలుగురితో నడిచే వడ్రంగి షెడ్డు, అపార్ట్‌మెంటులో కూర్చొని అల్మరాలకు చెక్క కోసే కార్మికుడు ఈ లెక్కలోకే రారు. కుడిచేతి వేళ్ళు పోయిన వడ్రంగికి వృత్తే పోతుంది. ఆ నష్టం కుటుంబం మొత్తం మోయాలి. 2023 నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో నివాస భవనం కింద నిల్వ ఉంచిన రసాయనాలు అంటుకొని పలువురు మరణించారు. ముప్పు కళ్ళెదుటే ఉన్నా పట్టించుకోకపోతే ఏమవుతుందో ఈ ప్రాంతానికి వేరే చెప్పనక్కర్లేదు.

గార్డు లేని యంత్రాలు మార్కెట్టుకు రాకుండా ప్రమాణాల సంస్థలు అడ్డుకోవాలి. చిన్న షెడ్లనూ కార్మిక భద్రతా యంత్రాంగం తనిఖీ పరిధిలోకి తేవాలి. వాడుక సూచనలు తెలుగు, ఉర్దూ, హిందీ భాషల్లో ఉండేలా చూడాలి. స్థానిక ఉత్పత్తుల ప్రదర్శనగా 1938లో మొదలైన నుమాయిష్ ఏటా నాంపల్లిలోనే జరుగుతోంది. సురక్షిత పరికరాల వాడకాన్ని ప్రజలకు చూపించడానికి అంతకంటే అనువైన వేదిక లేదు. వర్తకులు గార్డు, బ్రేకు పనితీరు చూపించాకే యంత్రం అమ్మాలి. అవి చూడనిదే కొనుగోలుదారులు డబ్బు చెల్లించకూడదు.