నాన్న పిక్క చుట్టుకొలత ఎంత?

హిందూపురంలో ఉన్న అమ్మను ఫోన్లో "తిన్నావా?" అని అడిగితే, "తిన్నా నాయనా" అనే అంటుంది. ఏం తిన్నదో, ఎంత తిన్నదో వీడియోలో కనబడే ముఖం చెప్పదు. అందుకే ఈ సెలవులకు విదేశాల నుంచి ఊరెళ్ళే పాఠకులను ఒకటి కోరుతున్నాం. చాక్లెట్లతో పాటు ఒక దర్జీ టేపు కూడా పెట్టెలో వేసుకోండి.

మనలాంటి ప్రవాసుల సంఘాలు ఊళ్ళలో పెట్టే శిబిరాల్లో బీపీ చూస్తారు, షుగరు చూస్తారు, కంట్లో శుక్లాలు చూస్తారు. మనిషి చిక్కిపోతే మాత్రం "వయసైంది కదా" అని వదిలేస్తారు. 2017-18లో దేశమంతటా జరిగిన వృద్ధాప్య సర్వేలో 60 దాటినవారిలో పావువంతుకు పైగా ఉండాల్సినంత బరువు లేరని తేలింది. అదంతా వయసు మీదికి నెట్టేద్దామా?

ఈ చిక్కిపోవడాన్ని పసిగట్టడానికి ఆరు ప్రశ్నల పరీక్ష ఉంది. పేరు మినీ న్యూట్రిషనల్ అసెస్‌మెంట్. మూడు నెలల్లో తిండి తగ్గిందా, బరువు తగ్గారా, గడప దాటి తిరుగుతున్నారా, జబ్బో పెద్ద దుఃఖమో వచ్చిందా, మతిమరుపో దిగులో ఉందా, చివరగా ఎత్తుకు తగ్గ బరువుందా. మొత్తం 14 మార్కులు. 12 వస్తే పర్వాలేదు, 8 నుంచి 11 అయితే జాగ్రత్త పడాలి, 7కు దిగితే పోషకాహార లోపం కిందే లెక్క. నడుం వంగినవారి ఎత్తు కొలవడం కష్టం గనక, పిక్క లావుగా ఉన్నచోట టేపు చుట్టినా చాలు. 31 సెంటీమీటర్ల కన్నా తక్కువైతే ఆ ప్రశ్నకు సున్నా. కాళ్ళు వాచి ఉంటే మాత్రం ఈ కొలతను నమ్మకండి. ధర్మవరంలో గుంతమగ్గం మానేసిన పెద్దలకు ఈ పిక్క కొలత మరీ అవసరం. ఏళ్ళ తరబడి తొక్కిన కాళ్ళకు పని తగ్గితే కండ కరుగుతుంది. పంచె మాటున అది ఎవరికీ కనబడదు.

మన సీమ తిండిలోనే ఒక చిక్కుంది. రాగి ముద్దను నమలరు, మింగుతారు. కాబట్టి పళ్ళు ఊడినా ముద్ద ఆగదు, "బాగానే తింటున్నాడు" అనుకుంటాం. ఆగిపోయేది పక్కనుండే గుగ్గిళ్ళు, చెనక్కాయలు, అలసందలు. ఉలవచారు పోసుకుంటారు, ఉలవలు మాత్రం గిన్నెలోనే మిగులుతాయి. మాంసకృత్తులు ఎక్కువగా ఉండేది ఆ గింజల్లోనే! పైగా షుగరు భయంతో విదేశాల నుంచి మనమే "అది తినొద్దు, ఇది తినొద్దు" అని ఆంక్షలు పెడతాం. కొంత పాపం మనదే.

మార్కులు తగ్గాయని ప్రొటీన్ పొడి డబ్బాలు పార్సెల్ చేయడం మందు కాదు. ఉన్నట్టుండి బరువు తగ్గితే క్షయ, అదుపు తప్పిన షుగరు, థైరాయిడ్, పంటి బాధ, ఒంటరితనం, ఇంకా పెద్ద జబ్బులు ఏవైనా కారణం కావచ్చు. ముందు డాక్టరుకు చూపించాలి. ఆ తర్వాతే గుడ్డు, పాలు, మెత్తగా ఉడికించిన పప్పు, దంచిన చెనక్కాయల పొడి.

సంఘం కార్యవర్గానికి మా ప్రతిపాదన ఒక్కటే. పెనుకొండలో పెట్టినా మరెక్కడ పెట్టినా, వచ్చే శిబిరంలో షుగరు బల్ల పక్కన తూకం బల్ల కూడా వేయండి. దాని ఖర్చు మన ఫ్లెక్సీల ఖర్చంత కూడా ఉండదు. శిబిరం ఒక్క రోజు ముచ్చట గనక, మూడు నెలలకు మళ్ళీ తూచే మనిషి ఆ ఊళ్ళోనే ఉండాలి. ఆశా కార్యకర్తలతో ముందే మాట్లాడి, తూకం యంత్రాన్ని ఆ ఊళ్ళోనే వదిలి రండి.