సద్ది మూట పక్కన పెట్టి సాగర్ చూద్దాం రండి

ఈ వారం సాగర్ గురించి రాస్తానంటే మా చెల్లెలు ఒకటే నవ్వు. “పెద్దవూరలో ఉంటూ సాగర్ గురించి రాయడమేంటే, రోజూ చూసేదేగా” అంది. నిజమే మరి. మా ఊళ్లో బస్సెక్కితే గంట లోపే హిల్ కాలనీలో దిగొచ్చు. గేట్లెత్తారని తెలిస్తే చాలు, మా వీధి వీధంతా ఆటోలెక్కేస్తుంది. పెళ్లై వచ్చిన ఈ ఇరవై నాలుగేళ్లలో నేనెన్నిసార్లు వెళ్లానో లెక్కే లేదు.

కానీ ఏం చూశావమ్మా అని అడిగితే ఏం చెప్పను? పులిహోర డబ్బా చూశాను, పేపరు ప్లేట్లు చూశాను. మగవాళ్లూ పిల్లలూ డ్యాం చూసొచ్చేలోగా నేనూ మా తోటికోడలూ చెట్టు కింద దుప్పటి పరుచుకుని, కోతుల్నించి అరటిపళ్లు కాపాడుకుంటూ కూర్చునేవాళ్లం. మీలో ఎంతమందికి ఇలా జరగలేదో చెప్పండి చూద్దాం!

అందుకే ఈసారి మొండికేశాను. ఎవరి సద్ది వాళ్ల సంచీలోనే. వడ్డించేది లేదు, మళ్లీ కడిగేది లేదు. చింతపండు పులిహోర, సకినాలు, దద్దోజనం, అంతే. దద్దోజనానికి ఒక చిట్కా చెప్తాను. పొద్దున్నే పెరుగు కలిపేస్తే ఎండకి మధ్యాహ్నానికల్లా పులిసిపోతుంది. అన్నం మెత్తగా మెదిపి, గోరువెచ్చని పాలు పోసి, ఒక చెంచా పెరుగు మాత్రమే వేసి కలపండి. తినే వేళకి కమ్మగా తోడుకుని ఉంటుంది. నిమ్మకాయ పులిహోర మాత్రం దూరప్రయాణానికి వద్దు, చేదెక్కుతుంది.

ఇంకో మొండితనం కూడా చేశాను. మా అత్తమ్మని తీసుకెళ్లాను.

అత్తమ్మ పుట్టిల్లు ఏలేశ్వరం. కృష్ణకి ఇటు ఒడ్డున, మన నల్లగొండ జిల్లాలోనే ఉండేది ఆ ఊరు. ఇప్పుడు సాగర్ నీళ్ల కింద ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకి నీళ్లు వదిలారు. ఈ రెండు తేదీలూ మా పిల్లలు బళ్లో బట్టీపట్టారు. ఆ మధ్యలో ఊళ్లు ఖాళీ చేసినవాళ్ల సంగతి ఎవరూ బట్టీపట్టరు కదా! అప్పటికి అత్తమ్మ పన్నెండు పదమూడేళ్ల పిల్ల. ఆ తర్వాత సాగర్ కాలవ నీళ్లతో పండిన అన్నమే తిన్నది కానీ, ఒక్కనాడూ లాంచీ ఎక్కలేదు. “నా ఇంటి మీంచి నేనెట్ల పోత బిడ్డా” అనేది.

ఈసారి ఎందుకో ఊఁ అంది. నేను మళ్లీ అడగలేదు, అడిగితే మనసు మార్చుకుంటుందని.

పొద్దున్నే బయల్దేరాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకి బస్సు టికెట్టు లేదు కదా, 2023 డిసెంబరు నుంచి. ఆ మిగిలిన డబ్బులు లాంచీకి పనికొచ్చాయి. ఒక్క మాట. శుక్రవారం వెళ్లకండి, నాగార్జునకొండ మ్యూజియానికి ఆ రోజు సెలవు. కొండకి లాంచీ నడుస్తోందో లేదో కూడా ముందే కనుక్కోండి. నీళ్లు తక్కువున్నా, గాలి ఎక్కువున్నా, జనం చాలకపోయినా ఆపేస్తారు.

లాంచీలో లైఫ్ జాకెట్టు వేయించారు. చీర మీద ఆ నారింజరంగు జాకెట్టు చూసుకుని అత్తమ్మ నవ్వాపుకోలేకపోయింది. వెనక్కి తిరిగి చూస్తే డ్యాం కనిపిస్తుంది. నది మీద రాతికట్టడం, రెండు పక్కలా మట్టికట్టలు, ఇరవై ఆరు గేట్లు. వేలమంది ఆడా మగా తట్టలు నెత్తిన పెట్టుకుని మోసి కట్టింది. కాసేపటికి అదీ చిన్నదైపోయి చుట్టూ నీళ్లే మిగులుతాయి. అత్తమ్మ నవ్వు ఆగిపోయింది. మన ఒడ్డు వైపే చూస్తూ కూర్చుంది. నేనూ ఏం మాట్లాడలేదు.

లాంచీ దిగాక కొండ మీద నడక ఉంటుంది. ఎక్కువ కాదు కానీ ఎండ చురుక్కుమంటుంది. హవాయి చెప్పులు వద్దు, వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి. ఒకప్పుడు ఈ కొండ చుట్టూ ఉన్న లోయలోనే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. పదిహేడు వందల ఏళ్ల కిందటి మాట. నీళ్లు రాకముందే, 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వి, ముఖ్యమైన కట్టడాల్ని పైకి తెచ్చి మళ్లీ పేర్చారు. మహాచైత్యం, స్నానఘట్టం ఇప్పుడు కొండ మీద చూసేవి అలా వచ్చినవే.

ఇక అసలు సంగతికి వస్తున్నాను. ఇక్కడ రాళ్ల మీద శాసనాలు చెక్కించినవాళ్లలో ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. రాజులు యాగాలు చేస్తుంటే రాణివాసం స్త్రీలు బౌద్ధానికి దానాలిచ్చారు. మహాచైత్యానికి దానం చేసిన చాంతిసిరి, రాజు చాంతమూలుడి చెల్లెలు. ఆయన తర్వాత రాజైన వీరపురుషదత్తుడికి మేనత్త. ఆయన ఆమెకి అల్లుడు కూడా. చూశారా, మన మేనరికాలు ఇవాళ్టివి కావు!

నాకు ఆమె కంటే బోధిసిరి నచ్చింది. ఆమె రాణి కాదు, ఒక గృహస్థు కూతురు, మనలాంటి ఇల్లాలే. చైత్యగృహం కట్టించింది, చెరువు తవ్వించింది, మండపాలు నిలబెట్టింది. ఆ పుణ్యం తనొక్కదానికే కాదంటూ భర్తా, తల్లీ తండ్రీ, అన్నదమ్ములూ, అక్కచెల్లెళ్లూ, వాళ్ల పిల్లలూ అందరినీ శాసనంలో చెప్పించింది. ఇదంతా అత్తమ్మకి చెప్తే ఆగిపోయి, “ఇంటోళ్లందరి పేర్లు రాయించిందా?” అని రెండుసార్లు అడిగింది.

మ్యూజియంలో మునిగిపోయిన లోయ నమూనా ఒకటుంది. గుట్టలు, నది, ఎక్కడెక్కడ ఏ విహారం ఉండేదో చూపిస్తూ. అత్తమ్మ దాని చుట్టూ తిరిగి, నది ఎటో నన్నడిగి, తర్వాత నమూనాకి ఇవతల ఖాళీ గాలిలో చేయి పెట్టి, “మాది ఈడ” అంది. పక్కనున్న కాలేజీ పిల్లలు వింతగా చూశారు. చూస్తే చూడనీ.

వేళ ఉంటే అనుపు, ఎత్తిపోతల కూడా చూడొచ్చు. అవి రెండూ ఆంధ్రా వైపు, ఆటో మాట్లాడుకోవాలి. ఎత్తిపోతల దగ్గర చంద్రవంక దాదాపు డెబ్బై అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. వానాకాలంలోనే అందం. కింద మొసళ్లున్నాయి, పిల్లల చెయ్యి వదలకండి. హిల్ కాలనీ దగ్గర 2022లో తెరిచిన బుద్ధవనం పెద్దది, 274 ఎకరాలు. దానికి వేరే రోజు పెట్టుకోండి, ఒక్కరోజులో అన్నీ అంటే కాళ్లు పీకుతాయి. ఎండాకాలం వెళ్తే ఇంకో జాగ్రత్త. నిండితే 590 అడుగులుండే నీటిమట్టం అప్పుడు బాగా దిగిపోయి, ఒడ్డంతా ఇసుక, ఒండ్రు మేటలు బయటపడతాయి. పైకి ఎండినట్టుంటుంది, అడుగేస్తే మోకాలి దాకా దిగిపోవచ్చు. పిల్లల్ని అటు పోనివ్వకండి.

తిరుగు లాంచీలో అత్తమ్మ దద్దోజనం తిన్నది. చేయి కడుక్కోవడానికి నీళ్ల సీసా ఇస్తే తీసుకుంది కానీ, కడుక్కోకుండా మాట్లాడ్డం మొదలుపెట్టింది. వాళ్ల వీధి మొదట్లో ఎవరిల్లు, దాని పక్కన ఎవరిల్లు, ఎవరి వాకిట్లో వేపచెట్టు, ఎవరికి రెండు బర్లు. ఆమె అంతసేపు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

ఇంటికొచ్చాక నా కూతుర్ని పిలిచి నోటుబుక్కు తెమ్మంది. ఇల్లిల్లూ చెప్పి రాయించింది. ఇంటి యజమాని పేరుతో ఊరుకోలేదు, ఆ ఇంటి ఆడవాళ్ల పేర్లు కూడా. ముప్పై ఒక్క ఇళ్లు వచ్చాయి. బావి పక్కింటి కోడలి పేరు మాత్రం ఎంతకీ గుర్తు రాలేదు. ఆ గీత ఖాళీగా వదిలింది నా కూతురు. మూడో రోజు పొద్దున వాకిట్లో బియ్యం చెరుగుతూ ఉన్నట్టుండి చాట కింద పెట్టేసి, “బిడ్డా, ఆ పుస్తకం తే” అని కేకేసింది.