షేరు మాటలు, సేద్యపు లెక్కలు

మన పల్లెలలో హోటలు బల్లలయొద్ద మాట మారినది. పూర్వము వానయు, విత్తనమును, ఎద్దుల ధరయు ప్రసంగవిషయములుగా నుండెను. ఇప్పుడు పాతికేండ్ల యువకులు నలుగురు చేరినచో ఫలానా బ్యాంకు షేరు ఎంత పెరిగినది, ఫలానా కంపెనీకి ఈ మూడు నెలలలో లాభమెంత, నిఫ్టీ నేడెటు పోవును అను చర్చలే వినవచ్చుచున్నవి. ట్రాక్టరు బాడుగకు తోలువాడును గట్టుమీద కూర్చుండి ఫోను తెరచి ధర చూచుకొనుచున్నాడు. పెద్దలు కొందరు ఇది కలికాలమని నిట్టూర్చుచున్నారు. నేనట్లు నిట్టూర్చువాడను కాను. తలాంతును భూమిలో పాతిపెట్టిన సేవకుని కథను చిన్ననాట బడిలో విన్నవాడనగుటచే, ధనమును పనిచేయింపగోరుట దోషమని నాకు తోచదు. కాని ఆ హోటలు మాటలలో రెండు వేర్వేరు సంగతులు ఒక్కటిగా కలిసిపోవుచున్నవి. ఆ కలయికవలన పంటకని తెచ్చిన అప్పు పోవుచున్నది. అందువలననే ఈ నాలుగు మాటలు వ్రాయవలసివచ్చినది.

మొదటి సంగతి షేరు కొనుట. షేరనగా కంపెనీలో వాటా. ఆ కంపెనీ సిమెంటు చేయనిండు, మందులు చేయనిండు, లాభము వచ్చిన వాటాదారునకు అందు కొంత చేరును. నష్టము వచ్చిన వాటా విలువ తగ్గును. మిగులు సొమ్మును, ఓపికయు నున్నవానికి ఇందు తప్పేమియు లేదు. 2008 జనవరిలో 21 వేలు దాటిన బొంబాయి సెన్సెక్సు ఆ అక్టోబరునకు 8 వేలకు దిగువకు జారెను. మరల 21 వేలు చూచుటకు 2010 నవంబరు రావలసివచ్చెను. మిగులు సొమ్ముతో కొన్నవాడు వేచియుండగలిగెను. అప్పుతో కొన్నవాడు గడువునాడు అయినకాడికి అమ్ముకొనవలసినదే గదా! పొరుగువాడు చెప్పెనని ఒక్క కంపెనీనే నమ్ముటయు అపాయమే. సత్యము కంప్యూటర్సు మన తెలుగువారి కంపెనీయని మురిసి దాని షేరులు దాచుకొన్న కుటుంబము లెన్నియో యుండెను. 2009 జనవరి 7వ తేదీన ఆ కంపెనీ అధ్యక్షుడే లెక్కలు తప్పని ఒప్పుకొనగా, ఒక్కనాటిలో దాని ధర నాలుగింట మూడు వంతులకు మించి పడిపోయెను.

రెండవ సంగతి ఆప్షనులు. ఓర్వకల్లు చుట్టుపట్ల భూమి బేరములు చూచినవారికి దీనిని వివరించుట కష్టము కాదు. విమానాశ్రయము 2021లో తెరచినప్పటినుండియు, పారిశ్రామిక వాడకు 2024 ఆగస్టున కేంద్ర మంత్రివర్గము ఆమోదము తెలిపినప్పటినుండియు, బయానా యిచ్చి అగ్రిమెంటు వ్రాయించుకొని, ధర పెరిగిన వెంటనే మరియొకరికి మార్చు పద్ధతి మనకు పరిచయమే. ధర పెరిగినచో చిన్న బయానాకు పెద్ద లాభము. పెరుగకపోయినచో గడువునాడు బయానా గోవింద. ఆప్షను కొనుట యన్నను ఇదియే. అయితే అగ్రిమెంటుకు ఆరు నెలల గడువుండును, పోయి నేలను కంటితో చూచి రావచ్చును. 50 పెద్ద కంపెనీల షేరుల సూచికయగు నిఫ్టీపై ఎక్కువమంది ఆడు ఆప్షనుకు గడువు వారమే; 2025 సెప్టెంబరునుండి ప్రతి మంగళవారము అది తీరిపోవుచున్నది. ధర కదలక ఊరకున్నను బయానా దినదినము కరగుచునే యుండును. ఇక బయానా పుచ్చుకొనువాని స్థానమున నిలుచుట మరింత ప్రమాదము. ఏలయన వాని నష్టమునకు మేర యుండదు.

ఈ ఆట ఫలితమును గూర్చి నా యూహ చెప్పనక్కరలేదు. షేరు మార్కెట్టులను నియంత్రించు సెబీ సంస్థయే 2024 సెప్టెంబరున లెక్కలు ప్రకటించినది. 2021-22 మొదలు 2023-24 వరకు మూడేండ్లలో ఈ వ్యాపారము చేసిన కోటిమందికి పైబడిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరి. అందరి నష్టమును కలిపి 1 లక్షా 80 వేల కోట్లకు మించెను. ఖర్చులతో కూడ తలకు సగటున సుమారు 2 లక్షల రూపాయలు పోయినవి. మరుసటి యేడు, 2024-25లో, నూటికి 91 మంది నష్టపోయిరి. ఆ యొక్క సంవత్సరపు నష్టము 1,05,603 కోట్లు. ఈ యాడువారిలో నూటికి 75 మందికి పైగా ఏటి ఆదాయము 5 లక్షల లోపు చెప్పినవారే. నూటికి 72 మందికి పైగా పెద్ద నగరములకు వెలుపలివారు, అనగా మనవంటి ఊళ్లవారు.

పోయిన సొమ్ము ఎక్కడికి పోయినది? 2023-24లో ఖర్చులు తీయకమునుపు స్వంత సొమ్ముతో వ్యాపారము చేయు పెద్ద సంస్థలు సుమారు 33 వేల కోట్లు, విదేశీ మదుపుదారులు సుమారు 28 వేల కోట్లు లాభపడినట్లు ఆ నివేదికయే చెప్పుచున్నది. వారి లాభములో నూటికి 95 వంతులకు పైగా మనుష్యులు చేతితో చేసినది కాదు, కంప్యూటరు యంత్రములు క్షణములో వెయ్యవవంతున చేసినది. గట్టుమీద ఫోను పట్టుకొన్న మనవాడు ఎదురుకొనుచున్నది ఆ యంత్రమును.

అయినను మోజు తగ్గదేమి? దీనికి కారణము మన జిల్లావారికి నేను చెప్పనేల? ఏటేట తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర పొలములకు వజ్రముల వెదకులాటకై జనము బండ్లు కట్టుకొని పోవుచుందురు. ఒకనికి రాయి దొరికెనన్న వార్త మూడు జిల్లాలకు పాకును. పదునుదినములు వదలుకొని, ఎండలో నడుము వంచి, వట్టిచేతులతో తిరిగివచ్చిన వేలమందిని గూర్చి ఏ పత్రికయు వ్రాయదు. హోటలుకడను అంతియే. లాభము వచ్చిననాడు ఫోను నలుగురికి చూపబడును. నష్టము వచ్చిననాడు అది జేబులోనే యుండును.

ఇక అప్పు సంగతి. 2025-26 సంవత్సరమునకు 3 లక్షల లోపు పంట ఋణము 7 శాతమునకు ఇయ్యబడి, గడువులో తీర్చినవారికి మరి 3 శాతము తగ్గింపుతో 4 శాతమే పడుచున్నది. ఇంత చౌకసొమ్ము చేతిలో నుండగా "విత్తుటకు ఇంకను నెల యున్నది, ఈలోగా ఒక చుట్టు తిప్పి చూతము" అను బుద్ధి పుట్టును. ఆ చుట్టులో సొమ్ము పోయినచో జరుగునది వినుడు. గడువు దాటగానే 3 శాతము తగ్గింపు పోవును. బాకీదారుడైనందున మరుసటి పంటకు ఋణము పుట్టదు. విత్తనమును ఎరువును అంగడివానియొద్ద అరువు తేవలెను. పంట వానికే, వాడు చెప్పిన ధరకే తూచవలెను. చేతిసొమ్ము కావలసినచో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ, అనగా ఏటికి 24. నాలుగు శాతపు మనిషి ఒక్క వేసవిలో ఇరువదినాలుగు శాతపు మనిషి యగుచున్నాడు. ఇంటి ఆడువారికి ఈ సంగతి తెలియునది చాల ఆలస్యముగా. కొందరిండ్లలో కమ్మలు కుదువకు పోవునాడు.

దీనికి యువకులు చెప్పు జవాబొకటి గలదు, దానిని త్రోసివేయరాదు. "సేద్యము మాత్రము జూదము కాదా? 2025లో కర్నూలు యార్డునకు ఉల్లిగడ్డ తోలినవారి గతి యేమైనది?" అని వారడుగుచున్నారు. నిజమే. ఆ యేడు ధర పడిపోగా ప్రభుత్వము క్వింటాలు 1,200 రూపాయలకు కొందుమని ముందుకు రావలసివచ్చెను. ఆ ధరకును కోతకూలి, గోనెసంచి, బాడుగ పోగా మిగులునది స్వల్పమే. వానపైనను ధరపైనను మనము పందెము కాయుచునే యున్నాము, అదియు ఇష్టపడి కాదు. కాని భేదమొకటి యున్నది. సేరు కొర్రలు విత్తినచో, దేవుడు వాన యిచ్చిన, అవి బస్తాలై వచ్చును. ఆ బస్తాలు మరియొకని యింటినుండి తెచ్చినవి కావు. పంట పోయినను చొప్ప పశువులకు మిగులును, నేల మరుసటి యేటికి మిగులును. ఆప్షనులో క్రొత్తగా పుట్టునది గింజయైనను లేదు. ఒకని జేబునుండి తీసినదే మరియొకని జేబులో పడును, నడుమ దళారి రుసుమును సర్కారు పన్నును పోగా. ఆ మూడేండ్లలో ఇట్టి ఖర్చులకే వ్యక్తులు సుమారు 50 వేల కోట్లు సమర్పించుకొనిరి.

ఆ యువకులను నేను మెచ్చుకొనుటకు కారణమును గలదు. వారికి లెక్క యందు శ్రద్ధ కలిగినది. ఎన్నడో కొన్న షేరు ధరను పైసలతోసహా చెప్పగలరు. అదే మనిషిని "నీ కంది ఎకరాకు ఎంత ఖర్చయినది?" అని అడుగుడు, "అయినది లే, ఇరువదివేల దాక" అనును. విత్తనము, గుంటక బాడుగ, కలుపుకూలి, మందు, కోత, యార్డు కమీషను వేరువేరుగ వ్రాసినవాడు పదిగ్రామములలో ఒకడు కనబడిన గొప్ప. తాను, తన భార్య, తన తల్లి చేసిన కూలిని వ్రాసినవానిని నేనింతవరకు చూడలేదు. అవి వ్రాసినచో ఏ చేనిలో పత్తి మాని శనగ వేయవలెనో, ఏ చెక్కలో మూడవసారి మందు కొట్టుట దండుగయో వానికే తెలియును. నావంటివాడు వచ్చి చెప్పనక్కరలేదు. ఫోనులో రోజుకు ముప్పదిసార్లు ధర చూచువాడు వారమునకొకసారి పది పంక్తులు వ్రాయలేడా?

మరియొకటి. షేరు, షేరు అనుచున్న ఈ మిత్రులలో పలువురు ఇదివరకే వాటాదారులు. ఆ సంగతి వారికి జ్ఞప్తి లేదు. మన సంఘమున ఋణము పుచ్చుకొన్నప్పుడు పట్టుకొన్న వాటాధనము ఏమనుకొన్నారు? దానికి మార్కెట్టులో ధర పెరుగదు, నిజము. కాని బొంబాయి కంపెనీలో నూరు షేరులవాని మాట లక్ష షేరులవాని ముందు చెల్లదు. ఇక్కడ ఎకరమున్నవానికిని ఏబది యెకరములవానికిని ఓటు ఒక్కటే. ఇంతటి హక్కు నుండియు మహాజనసభకు వచ్చువారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. కంపెనీ లాభనష్టములను కంఠస్థము చేసినవాడు తన సంఘపు ఆస్తి అప్పుల పట్టికను కంటితో చూచియుండడు. చూడనందుననే కొన్ని సంఘములలో జరుగరానివి జరిగినవి.

ఈ విషయమున మన మండలపు ఆడువారు మగవారికంటె ముందున్నారు. 1990ల నడుమ ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమపు తోడ్పాటుతో ఇచ్చట బలపడిన పొదుపు సంఘములు రోజుకొక రూపాయి వంటి చిన్న మొత్తములతో మొదలైనవే. చదువురాని సభ్యురాలు సైతము ఎవరి బాకీ ఎంతయో చెప్పగలుగుటకు కారణము, పుస్తకములోని లెక్కను కూటమిలో అందరు వినునట్లు చదువుటయే. చాటున ఉంచిన లెక్క అక్కడ లేదు.

కావున యువకమిత్రులకు నా విన్నపము. మిగులు సొమ్ముండి షేరులు కొనదలచినచో కొనుడు. ఐదేండ్లు దానిజోలికి పోనక్కరలేని సొమ్ముతోనే కొనుడు. పంట ఋణమును ఆ గుమ్మము తొక్కనీయకుడు. ఆప్షనుల వైపు అసలే పోకుడు. ఈ తడవ మహాజనసభ నోటీసు వచ్చినప్పుడు పట్టిక ప్రతిని ముందుగానే అడిగి తీసికొనుడు. అందు మన వాటాధనము ఎంత, గడువు దాటిన బాకీ ఎంత, అది యెవరెవరి పేర ఎన్నేండ్లనుండి యున్నది అను మూడు సంగతులు చూచి, సభలో లేచి అడుగుడు. ఎకరా ఖర్చు వ్రాసికొనుటకు గీతలు గీసిన కాగితములు నాయొద్ద నున్నవి. సంఘపు కార్యాలయమున గుమాస్తాగారి బల్లమీద ఉంచెదను, కావలసినవారు తీసికొనవచ్చును.