నిధులు బస్తీ పేరున, నిర్ణయం ఎవరి చేతిలో?

1932 నవంబరులో రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వెళుతూ డాక్టర్ అంబేడ్కర్ ఓడలో నుంచి ఒక లేఖ రాశారు. పూనా ఒడంబడిక దరిమిలా ఏర్పడిన అస్పృశ్యతా నివారణ సంఘం కార్యదర్శి ఠక్కర్ బాపాకు రాసిన లేఖ అది. కొద్దికాలానికే హరిజన సేవక సంఘంగా పేరు మార్చుకున్న ఆ సంస్థకు అధ్యక్షుడు పారిశ్రామికవేత్త ఘనశ్యామ్‌దాస్ బిర్లా. అంబేడ్కర్ అందులో లేవనెత్తిన వాటిలో రెండు ప్రశ్నలు నేటికీ ముఖ్యమైనవి. అణగారిన వర్గాల దుస్థితికి కారణం ఆ వ్యక్తుల నడవడికా, లేక వారిని చుట్టుముట్టిన సామాజిక పరిస్థితులా? వారి కోసం పనిచేయవలసినది ఎవరు? సంఘం పాలకవర్గంలో అస్పృశ్యులకు చోటెందుకు లేదన్న ప్రశ్న తరువాత తలెత్తినప్పుడు గాంధీజీ ఇచ్చిన సమాధానం సారాంశం ఒకటే: ఇది సవర్ణ హిందువులు చేసుకునే ప్రాయశ్చిత్తం, కనుక దీనిని నడపవలసినది వారే.

ఆ తరువాత తొమ్మిది దశాబ్దాలు గడిచాయి. ప్రాయశ్చిత్తం అన్న మాట ఇప్పుడు ఎవరూ వాడరు. దాతృత్వ ఫౌండేషన్లు పట్టణ పేదరిక నిర్మూలనకు గ్రాంట్లు ప్రకటించినప్పుడల్లా ‘ప్రజల సారథ్యంలో’ అన్న మాట మాత్రం తప్పనిసరిగా వినిపిస్తుంది. మాట మారింది. నిర్ణయాధికారం చేతులు మారిందా అన్నదే తేలవలసిన విషయం.

పట్టణ పేదరికాన్ని కులంతో నిమిత్తం లేని ఆర్థిక సమస్యగా చూడటం మన విధాన పత్రాలకు అలవాటు. 2011 జనాభా లెక్కలు అందుకు భిన్నమైన చిత్రాన్ని చూపుతున్నాయి. దేశ పట్టణ జనాభాలో షెడ్యూల్డు కులాల వారు సుమారు 12.6 శాతం కాగా, మురికివాడల జనాభాలో వారి వాటా 20 శాతం పైచిలుకు. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ కుటుంబాల్లో మూడింట ఒక వంతుకు పైగా మురికివాడల్లోనే ఉన్నాయి. పల్లెలో ఊరికి వెలుపల ఉన్న వాడ నగరంలో నాలా ఒడ్డుకు, చెత్త డంపింగ్ యార్డు పక్కకు చేరింది. డ్రైనేజీలో దిగేది ఎవరు, తెల్లవారుజామున రోడ్లు ఊడ్చేది ఎవరు అని అడిగితే నగరం కులాన్ని మరిచిపోయిందన్న భ్రమ తొలగిపోతుంది.

అయినా గ్రాంటు దరఖాస్తుల్లో కులం ఊసు అరుదు. అక్కడ కనిపించేవారు ‘లబ్ధిదారులు’, ‘బలహీన కుటుంబాలు’. మా విద్యార్థులతో కలిసి సఫాయి కార్మికులు నివసించే ఒక బస్తీకి వెళ్ళినప్పుడు, ఒక దాతృత్వ సంస్థ అక్కడ పరిశుభ్రతపై అవగాహన తరగతులు నిర్వహిస్తోంది. నగరమంతటినీ శుభ్రం చేసే స్త్రీలకు చేతులు ఎలా కడుక్కోవాలో బొమ్మలతో నేర్పుతున్నారు. వారు అడుగుతున్నది మంచినీటి కుళాయి, ఇంటి పట్టా, కాంట్రాక్టరు కోత పెట్టకుండా ఇచ్చే జీతం. “చేతులు కడుక్కోవడానికి నీళ్ళేవి సార్?” అని ఒకామె అడిగితే సమాధానం చెప్పగలిగిన వారు మాలో ఎవరూ లేరు. అంబేడ్కర్ మొదటి ప్రశ్న ఇదే. వ్యక్తిని సంస్కరించే పనికి నిధులు సులువుగా దొరుకుతాయి. పరిస్థితులను మార్చే పనికి దొరకవు.

రెండవ ప్రశ్న నిధులు నడిచే దారికి సంబంధించినది. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ పెద్ద కంపెనీలు గత మూడేళ్ళ సగటు నికర లాభంలో 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద వెచ్చించాలని నిర్దేశించింది. సామాజికంగా, ఆర్థికంగా వెనుకబడిన వర్గాల అసమానతలను తగ్గించడం, మురికివాడల అభివృద్ధి రెండూ చట్టం ఏడవ షెడ్యూలులో ఉన్నాయి. ఇటీవలి సంవత్సరాల్లో ఈ వ్యయం ఏటా పాతిక వేల కోట్ల రూపాయలను దాటుతోంది. అందులో మురికివాడల అభివృద్ధి పద్దు ఒక శాతానికి కూడా నోచుకోవడం లేదు. స్వచ్ఛంద సంస్థ ద్వారా ఖర్చు చేయాలంటే ఆ సంస్థకు ఆదాయపు పన్ను చట్టం కింద 12ఏ, 80జీ నమోదులు, మూడేళ్ళ పని అనుభవం, కేంద్రం వద్ద ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఉండాలి. రోజూ పది రూపాయలు పొదుపు చేసే బస్తీ మహిళల సంఘం ఈ గడప దాటగలదా?

విదేశీ నిధుల దారి మరింత ఇరుకు. 2020 సెప్టెంబరులో సవరించిన విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, ఒక సంస్థ తాను పొందిన విరాళాన్ని మరో సంస్థకు బదిలీ చేయడాన్ని పూర్తిగా నిషేధించింది. పాలనా వ్యయంపై పరిమితిని 50 నుంచి 20 శాతానికి కుదించింది. ఆంగ్లంలో నివేదికలు రాయగల పెద్ద సంస్థ నిధులు తెచ్చి, బస్తీలోని చిన్న సంఘాలకు పంచే ఏర్పాటు ఇన్నాళ్ళూ అంతో ఇంతో ఉండేది. లోపాలున్నా, కింది సంఘం చేతికి డబ్బు చేరే మార్గం అది. ఇప్పుడు అదీ మూసుకుపోయింది. పెద్ద సంస్థ ఉద్యోగులను నియమించుకుని బస్తీలో తానే పని చేయాలి. ప్రజల సారథ్యం నివేదికలో మిగులుతుంది.

పేదలు నిధులను నిర్వహించలేరన్న వాదనను చరిత్ర సమర్థించదు. భాగ్యరెడ్డి వర్మ 1906లో హైదరాబాదులో జగన్మిత్ర మండలిని స్థాపించి, అనంతరం నగర బస్తీల్లో అస్పృశ్య బాలబాలికలకు పాఠశాలలు నెలకొల్పారు. ఏ బిడ్డకు ఏ చదువు కావాలో ఆ బస్తీల మనుషులే నిర్ణయించారు. ముంబయిలో ఫుట్‌పాత్‌లపై నివసించే కుటుంబాల లెక్కను 1985లో ఆ నివాసులే పాల్గొని తీశారు. ఆ కృషిలోంచి ఎదిగిన మహిళా మిలన్ పొదుపు సంఘాలు, జోకిన్ అర్పుతం నాయకత్వంలోని జాతీయ మురికివాడల సమాఖ్య అంతర్జాతీయ సమాఖ్యకు పునాదులయ్యాయి. దానికి 2007లో గేట్స్ ఫౌండేషన్ కోటి డాలర్ల గ్రాంటు ఇచ్చింది. పుణేలో 1993లో సంఘటితమైన చెత్త ఏరుకునే కార్మికులు, అత్యధికులు దళిత స్త్రీలు, 2008 నాటికి సొంత సహకార సంస్థ ద్వారా నగరపాలక సంస్థతో ఒప్పందం కుదుర్చుకుని ఇంటింటి చెత్త సేకరణ చేపట్టారు. వారు కోరింది దయ కాదు, పనికి గుర్తింపు.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని నిజాయితీగా ఎదుర్కోవాలి. బస్తీ కూడా ఏకశిలా సదృశం కాదు. అక్కడా కులాల మధ్య మెట్లున్నాయి, పురుషుల పెత్తనం ఉంది, స్థానిక నాయకుల దళారీతనం ఉంది. దళితుల్లోనూ ఉపకులాల మధ్య అవకాశాలు సమానంగా అందలేదన్నది వర్గీకరణ ఉద్యమం మనకు నేర్పిన పాఠం. కనుక డబ్బు బస్తీ చేతిలో పెట్టినంతనే న్యాయం జరుగుతుందని అనుకోనక్కరలేదు. అయితే ఈ లోపానికి మందు బయటివారి పెత్తనం కాదు, బహిరంగ లెక్క. ఉపాధి హామీ పనుల్లో సామాజిక తనిఖీని దేశానికి చేసి చూపింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. ఊరి మధ్య కూర్చుని మస్టరు రోల్ చదివి వినిపించిన పద్ధతిని బస్తీ గ్రాంటుకూ వర్తింపజేయవచ్చు.

దాతృత్వ సంస్థలు తక్షణం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. తమ ధర్మకర్తల మండలిలోనూ, గ్రాంట్ల ఎంపిక కమిటీలోనూ ఏయే సామాజిక వర్గాల వారు ఎందరున్నారో, తమ గ్రాంట్లలో దళిత, ఆదివాసీ, సంచార జాతుల నాయకత్వంలోని సంస్థలకు ఎంత చేరుతోందో ఏటా ప్రకటించాలి. దరఖాస్తును తెలుగులో, అవసరమైతే నోటిమాటగా స్వీకరించాలి. రిజిస్ట్రేషన్, ఆడిట్ ఖర్చులను గ్రాంటులో భాగంగా భరించాలి. ఆరు నెలల ప్రాజెక్టులకు బదులు అయిదారేళ్ళ పాటు నిలకడగా తోడ్పడాలి. కేంద్ర ప్రభుత్వం విదేశీ విరాళాల బదిలీపై సంపూర్ణ నిషేధాన్ని సడలించి, చిన్న సంఘాలకు లెక్కలతో కూడిన బదిలీని అనుమతించాలి.

వీటన్నిటికంటే ముందు గుర్తుంచుకోవలసినది, గ్రాంటు ఎన్నటికీ హక్కుకు ప్రత్యామ్నాయం కాదు. 2013 నాటి ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం, తెలంగాణలో 2017 నాటి ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం బడ్జెట్‌లో దళిత ఆదివాసీ వాటాను చట్టబద్ధం చేశాయి. ఆ వాటాను ప్రభుత్వం చేత రాబట్టే శక్తిని బస్తీ సంఘానికి సమకూర్చిన గ్రాంటే సార్థకం. ఆ శక్తి రావాలంటే సంఘం ముందు తన నిధిపై తాను నిర్ణయం తీసుకోగలగాలి. నీళ్ళేవి అని అడిగిన ఆ తల్లి, తరగతి కావాలో కుళాయి కావాలో తేల్చే కమిటీలో సభ్యురాలు అయిన రోజున, అంబేడ్కర్ ఓడలో నుంచి రాసిన లేఖకు ఆలస్యంగానైనా జవాబు ఇచ్చినట్లవుతుంది.