విత్తనానికి మూలం, విశ్లేషణకు వెర్షన్

గోదావరి డెల్టాలో వరి ప్రయోగానికి మారుటేరు స్వర్ణ (ఎం.టి.యు. 7029) విత్తనాన్ని ఎంచుకొన్న విద్యార్థి దాని మూలాన్ని తప్పక నమోదు చేస్తాడు. ఆ ప్రయోగ ఫలితాలను విశ్లేషించిన సాఫ్ట్‌వేర్ లైబ్రరీ విషయంలోనూ అదే నియమం పాటించాలి.

ఉబుంటు లినక్సులో 'ఆర్' లైబ్రరీలను రెండు మార్గాలలో స్థాపించవచ్చు. ఆప్ట్ ప్యాకేజీ మేనేజరు డిజిటల్ సంతకాన్ని సరిచూచి, అవసరమైన ఇతర లైబ్రరీలతో సహా సిద్ధరూపంలో తెస్తుంది. అయితే వెర్షన్ కొంత పాతది కావచ్చు. 'ఆర్' నుండే స్థాపిస్తే కొత్త వెర్షన్ లభిస్తుంది. కాని సాధారణంగా మూల కోడ్‌ను కంపైల్ చేయవలసి ఉంటుంది. కావలసిన సిస్టమ్ లైబ్రరీ లేకుంటే పని మధ్యలోనే ఆగుతుంది.

వెర్షన్ భేదం చిన్న విషయం కాదు. 2019లో వచ్చిన ఆర్ 3.6.0 యాదృచ్ఛిక ఎంపిక పద్ధతిని మార్చింది. అదే సీడ్ సంఖ్య ఇచ్చినా పాత, కొత్త వెర్షన్లలో మడుల కేటాయింపు వేరుగా రావచ్చు. క్షేత్రపటం పోతే, ఏ మడికి ఏ నత్రజని మోతాదు నిర్ణయమైనదో తిరిగి రాబట్టడం కష్టం.

కావున ఉమ్మడి కంప్యూటర్లలో ఆప్ట్ మార్గమే మేలు. కొత్త లైబ్రరీ తప్పనిసరైతే విద్యార్థి తన ఖాతాకే పరిమితం చేసుకోవాలి. ఏ మార్గమైనా, వెర్షన్ వివరాలు 'సామగ్రి, పద్ధతులు' విభాగంలో ఉండాలి. విస్తరణ శాస్త్రవేత్త రైతుకు చెప్పే మోతాదు ఆ లెక్కపైనే ఆధారపడుతుంది.